ముందు పేరు, తర్వాతే ఫ్రేమ్: పొరలతో నేమ్ ట్యాగ్ చేయడం

(గ్రంథాలయం హాలులో జరిగిన ఒకరోజు శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి తెర కనిపిస్తోందా? ఆ కిటికీ తలుపు కొంచెం దగ్గరగా వేయండమ్మా, ఎండ సరిగ్గా తెర మీదే పడుతోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

నేను ఇరవై ఏళ్ళకు పైగా డీటీపీ పని చేశాను. శుభలేఖలు, కరపత్రాలు, షాపుల బోర్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు. ఇప్పుడు కాగితం మీద అచ్చయ్యేవి తగ్గిపోయి ఫోన్‌లో పంపుకునేవి పెరిగాయి కాబట్టి అవే చేస్తున్నాను. అందులో నాకు బాగా ఇష్టమైన పని నేమ్ ట్యాగ్. ఒక పేరు, దాని వెనక పలక, చుట్టూ ఫ్రేమ్, పక్కన ఒక పువ్వో తీగో, కింద కొంచెం నీడ. అంతే. బారసాల వీడియోలో మొదట వచ్చేది అదే, ఆన్‌లైన్ క్లాసులో టీచరు పేరు కనబడేదీ అదే, వాట్సాప్ డీపీగా పెట్టుకునేదీ అదే.

అసలు పనిలోకి వెళ్ళేముందు నా వల్ల జరిగిన ఒక తప్పు చెప్తాను, ఎందుకంటే ఇవాళ నేను చెప్పేదంతా అక్కడి నుంచే వచ్చింది. ఒక పాపకి నామకరణం. పేరు ప్రజ్ఞ. వాళ్ళు చాలా ముచ్చటపడి పెట్టుకున్న పేరు. నా దగ్గర ఒక రెడీమేడ్ ఫ్రేమ్ ఉండేది, కింద గులాబీ రంగు రిబ్బన్‌తో, చూడ్డానికి చాలా బాగుండేది. ఆ ఫ్రేమ్ తీసుకుని మధ్యలో పేరు పెట్టి, కొంచెం కిందికి దిగుతోందని రిబ్బన్‌ని పేరు మీదికి జరిపాను. రాత్రి పదకొండు దాటింది, పంపేశాను. మర్నాడు ఫంక్షన్‌లో పెద్ద తెర మీద అది వచ్చింది. పాప నాయనమ్మ చదివింది: "ప్రజ". రిబ్బన్ కింద జ్ఞ వత్తు మునిగిపోయింది. ప్రజ్ఞ కాస్తా ప్రజ అయింది. వాళ్ళు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, భోజనం చేసి వెళ్ళమన్నారు, కానీ ఆ పెద్దావిడ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అప్పటి నుంచి నేను పాటించేది ఒకటే. ముందు పేరు, తర్వాతే ఫ్రేమ్. నెట్‌లో దొరికే రెడీమేడ్ ఫ్రేములు చాలావరకు ఇంగ్లీషు పేర్లకి కొలిచి చేసినవి. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత మీద కూర్చుంటాయి, ఏ వై లాంటిదో జి లాంటిదో కొంచెం కిందికి తోక దించుతుంది, అంతే. మన పేర్లు అలా కాదు. ఇదిగో, ఇక్కడ లక్ష్మి అని టైప్ చేశాను చూడండి. ల మామూలుగా కూర్చుంది. పక్కన క మీద గుడి ఉంది, క కింద ష వత్తు, దాన్ని అంటుకుని మ వత్తు. రెండు అక్షరాల పేరే, కానీ ఎత్తు కొలిస్తే ల కంటే దాదాపు రెట్టింపు ఉంది. ఇలాంటి పేరుని వేరేవాళ్ళ చట్రంలో ఇరికించాలంటే పేరుని చిన్నది చేయాలి, లేదా వత్తుని ఎక్కడో దాచాలి. రెండూ నాకు ఇష్టం లేదు.

సరే, లేయర్ అంటే ఏంటో చెప్తాను. ఇక్కడ స్క్రీన్ ప్రింటింగ్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ, అన్నయ్యా, మీకు వెంటనే అర్థమవుతుంది. రెండు రంగుల శుభలేఖ అచ్చేయాలంటే రెండు స్క్రీన్లు కావాలి కదా. ఎరుపులో వచ్చేదానికి ఒక ఫిల్మ్, బంగారు రంగులో వచ్చే గణపతి బొమ్మకి ఇంకో ఫిల్మ్. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి దీపం ముందు పట్టుకుంటే మొత్తం కార్డు కనిపిస్తుంది. పేరులో తప్పు వస్తే ఎరుపు ఫిల్మ్ ఒక్కటే మార్చుకుంటాం, గణపతి జోలికి పోం. లేయర్ అంటే అదే. కంప్యూటర్‌లో ఉండే పారదర్శకమైన ఫిల్మ్. ఒక్కో వస్తువు ఒక్కో ఫిల్మ్ మీద. ఫొటోషాప్‌కి ఈ లేయర్లు 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు అందులో ఒకసారి బొమ్మ మీద అక్షరం పడితే బొమ్మలో కలిసిపోయేది.

ఈ ట్యాగుల సరదా కూడా మనతో మొదలైంది కాదు. పెయింట్ షాప్ ప్రో అని అమెరికాలో తయారైన సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది, ఇప్పటికీ ఉంది, 2004లో దాన్ని కోరెల్ అనే కంపెనీ కొనుక్కుంది. దాంతో చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఈమెయిల్ చివర పెట్టుకోడానికి తమ పేరుతో ట్యాగులు చేసుకునేవాళ్ళు, ఎలా చేశారో ఒకళ్ళకొకళ్ళు రాసి నేర్పుకునేవాళ్ళు. వెనక భాగం తీసేసి కత్తిరించి పెట్టుకున్న బొమ్మని వాళ్ళు ట్యూబ్ అంటారు. మీకు ఎక్కడైనా ఆ మాట కనబడితే గొట్టం అనుకోకండి, కత్తిరించిన బొమ్మ అని అర్థం.

మనం ఇవాళ వాడేది గింప్, ఫొటోషాప్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టక్కర్లేదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. 1995లో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు దీన్ని. మూడో వెర్షన్ 2025 మార్చిలో వచ్చింది. తెలుగు వరకు ఇందులో నాకు నచ్చిన సంగతి ఏంటంటే, యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా ఫోనైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతిలో, టైప్ చేస్తే వత్తులు, గుణింతాలు వాటి చోట్లో అవే కూర్చుంటాయి, మనం ఏ సెట్టింగూ వెతకక్కర్లేదు. ఫొటోషాప్ వాడేవాళ్ళు పాత వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి వెళ్ళి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్నది ఎంచుకుని, సాఫ్ట్‌వేర్‌ని ఒకసారి మూసి తెరవండి. లేకపోతే వత్తులు విడిపోయి పొల్లులుగా నిలబడతాయి.

ఫాంట్ సంగతి. డీటీపీలో వాడే 'అను' ఫాంట్లతో అలవాటు పడినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు, నేనూ అందులోనే పెరిగాను, కానీ అవి యూనికోడ్ కాదు. అందులో కొట్టిన పేరుని కాపీ చేసి ఇంకోచోట వేస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన తెలుగు ఫాంట్లు ఉన్నాయి: రామభద్ర, మండలి, పొన్నాల, సూరన్న, గిడుగు, రవిప్రకాష్, ఇంకా చాలా. అన్నీ ఉచితం. ట్యాగుకి నేను ఎక్కువగా రామభద్ర వాడతాను. లావుగా, గుండ్రంగా ఉంటుంది, లోపల బంగారు రంగు పోయడానికి చోటు దొరుకుతుంది. మండలి చదవడానికి హాయిగా ఉంటుంది కానీ ట్యాగుకి సన్నం అనిపిస్తుంది నాకు. ఏ ఫాంట్ అయినా నచ్చిందనగానే వాడేయకండి. "శ్రీ, కృష్ణ, లక్ష్మి, ప్రజ్ఞ, సంధ్య" ఈ అయిదు కొట్టి చూడండి. ఈ అయిదూ అందంగా వస్తే దాదాపు ఏ పేరైనా వస్తుంది.

ఇప్పుడు కొత్త ఫైలు. వెడల్పు 1600, ఎత్తు 900 పిక్సెళ్ళు. కింద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఫిల్ విత్ దగ్గర ట్రాన్స్‌పరెన్సీ పెట్టండి. ఇలా బూడిదరంగు గళ్ళు కనబడితే అక్కడ ఏమీ లేదని అర్థం. చివరికి చిన్నది చేసుకోవచ్చు, కానీ చిన్నదిగా చేసి పెద్దది చేస్తే అంచులు పాడవుతాయి, అందుకే పెద్దగా మొదలుపెడుతున్నాం.

పేరు సంధ్య అనుకుందాం. టెక్స్ట్ టూల్ తీసుకుని, సైజు 300 పెట్టి టైప్ చేశాను. లేయర్ల పట్టికలో దానంతట అదే ఒక లేయర్ వచ్చింది. ఇక్కడ ఆగండి. ఈ పేరుని ఒక నిమిషం చూడండి. సున్న ఉంది, ధ ఉంది, ధ కింద చిన్న ఒత్తు గీత ఉంది, పక్కనుంచి య వత్తు వంపు తిరిగి వస్తోంది. ఆ చిన్న గీత లేకపోతే అది ధ కాదు, ద. ఇప్పుడు మనం దీనికి అంచు కట్టబోతున్నాం, ఆ గీత బతకాలి.

అంచు ఇలా కట్టాలి. పట్టికలో పేరు లేయర్ మీద రైట్ క్లిక్, ఆల్ఫా టు సెలెక్షన్. అక్షరాల చుట్టూ చీమల బారులాగా గీతలు కదులుతున్నాయి చూశారా. తర్వాత పైన సెలెక్ట్ మెనూలో గ్రో, 8 పిక్సెళ్ళు. బారు అక్షరాల నుంచి కొంచెం బయటికి జరిగింది. ఇప్పుడు కొత్త లేయర్ ఒకటి తెరిచి, దాన్ని పేరు లేయర్ కిందికి లాగి, కుంకుమ రంగు పోయండి. అంతే, అంచు వచ్చింది. మన అక్షరాలు గుండ్రనివి కాబట్టి ఈ పద్ధతి వాటికి బాగా నప్పుతుంది.

ఇప్పుడు దగ్గరికి జూమ్ చేస్తాను. సున్న లోపలి ఖాళీ చూడండి, అంచు లోపలికి కూడా పెరిగి దాన్ని కుంకుమ రంగుతో కొంత మూసేసింది. ధ ఒత్తుకీ పైనున్న అక్షరానికీ మధ్య సందు కూడా నిండిపోయింది. ఇది తప్పా? కాదు, అక్షరం రంగూ అంచు రంగూ బాగా వేరుగా ఉన్నంతవరకు తప్పు కాదు. బంగారు అక్షరం, కుంకుమ అంచు: సందు నిండినా గీత స్పష్టంగా కనిపిస్తుంది. అదే పసుపు అక్షరానికి నారింజ అంచు కట్టామనుకోండి, ఫోన్ తెర మీద ఆ గీత అంచులో కరిగిపోతుంది, సంధ్య కాస్తా సంద్య అవుతుంది. చాలామంది అంచు ఎంత లావు ఉండాలని అడుగుతారు. లావు కంటే ముందు రంగుల తేడా చూసుకోండి. తేడా తెలియాలంటే ట్యాగుని బొటనవేలి గోరంత చేసి చూడండి, అప్పుడు కూడా పేరు చదవగలిగితే సరే.

ఇక బంగారం. మళ్ళీ పేరు లేయర్ మీద ఆల్ఫా టు సెలెక్షన్, ఈసారి గ్రో వద్దు. పేరుకి పైన కొత్త లేయర్. గ్రేడియంట్ టూల్‌తో పై నుంచి కిందికి నిలువుగా లాగండి: పైన బెల్లం రంగు, మధ్యలో వెన్న రంగు, కింద మళ్ళీ బెల్లం రంగు. వెన్న చార సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పైకి ఉంటే వెలుగు పైనుంచి పడుతున్నట్టు ఉంటుంది. ఒక చిన్న విషయం, గ్రేడియంట్ లాగేటప్పుడు వత్తు చివరిదాకా లాగకండి, అక్షరం ఒళ్ళు ఎక్కడ అయిపోతుందో అక్కడ ఆపండి. వత్తు మొత్తం బెల్లం రంగులోనే ఉంటుంది, బరువుగా, నిండుగా. నాకు అది చాలా అందంగా కనిపిస్తుంది.

అసలు పేరు లేయర్‌ని మాత్రం ఎప్పుడూ తీసేయకండి. అది అడుగున అలాగే ఉంటే రేపు ఇంకో పేరుకి ఇదే ట్యాగు చేయాలన్నప్పుడు మార్చుకోవచ్చు. అంచు, బంగారం మళ్ళీ వేసుకోవాలి, కానీ పలక, పువ్వు, ఫ్రేమ్ అన్నీ అలాగే ఉంటాయి. టెక్స్ట్ లేయర్ మీద బ్రష్‌తో ఏదైనా గీస్తే అది ఇక అక్షరం కాదు, బొమ్మ అయిపోతుంది.

నీడ ఫిల్టర్స్‌లో లైట్ అండ్ షాడో కింద డ్రాప్ షాడో. కుంకుమ అంచు లేయర్ మీద వేయండి, పక్కకి 6, కిందికి 6, బ్లర్ 10, సగం ముదురు. పువ్వుకి కూడా తర్వాత ఇవే అంకెలు. ఒకదాని నీడ కుడికీ ఇంకోదాని నీడ ఎడమకీ పడితే చూసేవాళ్ళకి ఏం తేడాగా ఉందో చెప్పలేరు కానీ ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు వచ్చింది పలక వంతు. పేరుకి ఎంత చోటు కావాలో మనకి తెలిసింది కదా. కొలత వత్తు చివరి నుంచి తీసుకోండి, కానీ కంటికి మధ్యలో కనిపించాల్సింది మాత్రం అక్షరాల ఒళ్ళు. సంధ్యలో వత్తు ఒక్క అక్షరానికే ఉంది, కంప్యూటర్ చెప్పినట్టు మొత్తం పెట్టెని మధ్యలో పెడితే పేరు పైకి ఎగిరినట్టు ఉంటుంది. అందుకని పేరుని కొంచెం కిందికి దించి, వత్తు కింద గాలాడేలా పలకని ఎత్తు పెంచుతాను. రెక్టాంగిల్ సెలెక్ట్‌లో రౌండెడ్ కార్నర్స్ పెట్టి గీసి, ముదురు ఆకుపచ్చ పోశాను, అన్నిటికంటే అడుగు లేయర్‌లో. ఇంటిపేరు పైన, పేరు కింద రెండు వరుసలు పెట్టేవాళ్ళు ఇంకా జాగ్రత్త, పై వరుస వత్తులూ కింది వరుస గుడులూ గుద్దుకుంటాయి, వరుసల మధ్య దూరం మామూలు కంటే పెంచాలి.

పలక మీద డిజైన్ కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఇది మా వాకిట్లో వేసిన ముగ్గు, పొద్దున్నే నీళ్ళు చల్లిన నేల ఇంకా తడిగా ఉండగా నిలువుగా పైనుంచి ఫోన్‌తో తీశాను. తడి నేల నల్లగా, ముగ్గు తెల్లగా, ఎండ పడకముందు తీయడం వల్ల నీడలు లేవు. ఈ ఫొటోని తెచ్చి పలక పైన లేయర్‌గా పెట్టాను. కలర్స్‌లో త్రెషోల్డ్ తెరిచి ఈ జారుడు మీటని అటూ ఇటూ జరిపితే నేల పూర్తిగా నల్లగా, గీతలు పూర్తిగా తెల్లగా అయ్యే చోటు ఒకటి దొరుకుతుంది. ఇప్పుడు లేయర్ మోడ్ నార్మల్ నుంచి స్క్రీన్‌కి మార్చండి. నలుపంతా మాయం, ఆకుపచ్చ పలక మీద తెల్లటి ముగ్గు. ఒపాసిటీ, అంటే లేయర్ ఎంత ముదురుగా కనబడాలో, అది 25కి తగ్గిస్తే పేరుకి అడ్డం రాదు. చూడండి, ఇక్కడ పిండి వేళ్ళ మధ్యనుంచి జారి గీత కొంచెం లావైంది, అక్కడ తెగింది. అది అలాగే ఉంచుతాను. చేత్తో వేసిందని తెలియాలి.

ఫ్రేమ్‌కి కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. పేరుకి అంచు కట్టిన పద్ధతే: పలక మీద ఆల్ఫా టు సెలెక్షన్, 24 గ్రో, పలక కింద కొత్త లేయర్, రంగు. అయిపోయింది.

చివరిది పువ్వు, ఇందులోనే లేయర్ల అందమంతా ఉంది. మందార పువ్వు ఫొటో, వెనకభాగం తీసేసింది, కాడతో సహా. అన్నిటికంటే పైన పెట్టాను. ఇప్పుడు ఫ్రేమ్ మీద అంటించిన స్టిక్కర్‌లా ఉంది. నాకు కావలసింది కాడ ఫ్రేమ్ వెనకనుంచి వచ్చి, పువ్వు ముందుకి వాలాలి. పువ్వు లేయర్ మీద రైట్ క్లిక్, యాడ్ లేయర్ మాస్క్, తెలుపు. మాస్క్ అంటే తెర అనుకోండి. అందులో నల్ల బ్రష్‌తో గీస్తే అక్కడ పువ్వు దాక్కుంటుంది, తెల్ల బ్రష్‌తో గీస్తే మళ్ళీ వస్తుంది. కాడ ఫ్రేమ్‌ని దాటే చోట మాత్రమే నలుపు వేస్తున్నాను, మెల్లగా, చిన్న బ్రష్‌తో. చూశారా? కాడ ఫ్రేమ్ వెనక్కి వెళ్ళింది. ఎరేజర్ వాడినా ఇదే వచ్చేది కానీ ఎరేజర్‌తో పోయింది పోయినట్టే, మాస్క్‌తో అయితే రేపు ఫ్రేమ్ లావు మారినా సరిదిద్దుకోవచ్చు.

పువ్వు ఎక్కడిదైనా పరవాలేదా అంటే, పరవాలేదు అనను. మీరు తీసిన ఫొటో అయితే నిశ్చింత. బాపు గారి బొమ్మలంటే మనందరికీ ప్రాణం, ట్యాగులో ఆ బొమ్మ పెట్టమని నన్ను ఎంతోమంది అడుగుతారు, నేను పెట్టను. ఆయన 2014లో పోయారు, మన దేశంలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్ళు, అంటే 2074 చివరిదాకా ఉంటుంది. రవివర్మ 1906లో పోయారు కాబట్టి ఆ చిత్రాలు వాడుకోవచ్చు. ఒకళ్ళు కష్టపడి గీసింది మన పేరు పక్కన అడక్కుండా పెట్టుకోవడం నాకు మనసొప్పదు.

సేవ్ చేయడం. గింప్ సొంత ఫైలు ఎక్స్‌సీఎఫ్, అందులో లేయర్లన్నీ ఉంటాయి, అది మీ దగ్గర దాచుకోండి. బయటికి పంపేది ఎక్స్‌పోర్ట్ ద్వారా పీఎన్‌జీ. జేపీజీలో ట్రాన్స్‌పరెన్సీ ఉండదు, చుట్టూ తెల్ల చతురస్రం వస్తుంది. గిఫ్‌లో ఉంటుంది కానీ 256 రంగులే, పైగా నీడ లాంటి సగం సగం పారదర్శకత దానికి తెలియదు, అంచులు రంపం పళ్ళలా వస్తాయి.

ఏమైనా అడగాలంటే అడగండి.

"అక్కా, మా వారి పేరు రామ్‌కుమార్. టైప్ చేస్తే మ కింద క వత్తు వచ్చేస్తోంది."

మంచి ప్రశ్న అమ్మా. పొల్లు తర్వాత హల్లు వస్తే కంప్యూటర్ దాన్ని వత్తు చేస్తుంది, దాని రూలు అది. రెండింటి మధ్య కంటికి కనబడని ఒక అక్షరం పెట్టాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కీబోర్డులో దాని కోసం వెతుక్కోవడం కంటే, ఆ పేరు సరిగ్గా ఉన్న చోటి నుంచి కాపీ చేసి తెచ్చి గింప్‌లో వేయండి, అది కూడా దాంతో పాటే వస్తుంది. రాజ్‌కుమార్, ప్రేమ్‌చంద్, అన్నిటికీ ఇదే.

"వాట్సాప్‌లో పంపితే చుట్టూ నల్లగా వస్తోందండీ."

ఫొటోగా పంపితే అది జేపీజీ చేసేస్తుంది, ట్రాన్స్‌పరెన్సీ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. స్టిక్కర్ చేయాలంటే మాత్రం 512కి 512 పిక్సెళ్ళ వెబ్‌పీ ఫైలు, 100 కేబీ దాటకూడదు. డీపీ అయితే గుండ్రంగా కోస్తుంది కాబట్టి పలకని మొదటే గుండ్రంగా గీసుకోండి.

"మా అమ్మాయి పేరు ప్రజ్ఞే అక్కా. చేసి చూపిస్తారా?"

తప్పకుండా అమ్మా. మీరే ఇలా వచ్చి కూర్చోండి, నేను పక్కన ఉంటాను. ఫాంట్ రామభద్ర, సైజు 300. ముందు పేరు ఒక్కటే కొట్టండి. ఆ, జ్ఞ వత్తు చూడండి ఎంత కిందికి వచ్చిందో. దాని అడుగున ఒక గైడ్ గీత లాగి పెట్టండి, పైన ఉన్న ఈ స్కేలు మీద క్లిక్ చేసి కిందికి లాగాలి. అక్కడికే. ఇంక పలక ఆ గీతకి కింద ఇంకా ఇంతమేర దాకా రావాలి.